పాత్ర పరిచయం, పాత్రధారి పరిచయం

తెలుగు ఊళ్ళలో నాటకం ఆడేటప్పుడు జరిగే పరిచయాలు రెండు రకాలు. ఒకటి పాత్ర పరిచయం: వచ్చినవాడు హిరణ్యకశిపుడని, అతని బలమెంతో బలగమెంతో చెప్పడం. రెండోది పాత్రధారి పరిచయం: ఆ వేషం కట్టినవాడు ఫలానావారి అబ్బాయని, ఫలానా ఆఫీసులో గుమస్తా అని చెప్పడం. మొదటిది వందల ఏళ్ళ నాటిది. రెండోది పంతొమ్మిదో శతాబ్దం చివర అచ్చుయంత్రంతో, పట్నాల్లో పుట్టిన నాటక సమాజాలతో పాటు వచ్చి స్థిరపడింది. ఏ కాలంలో ఏ పరిచయానికి పెద్దపీట వేశారో చూస్తే, ఆనాటి నాటకం ఎవరి చేతుల్లో ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

సంస్కృత నాటకంలో ఈ పని ప్రస్తావనది. నాంది అయ్యాక సూత్రధారుడు వచ్చి నటితోనో పారిపార్శ్వకుడితోనో మాట్లాడతాడు. కవి ఎవరో, నాటకం పేరేమిటో, ఏ సందర్భంలో ఆడుతున్నారో ఆ సంభాషణలో తెలుస్తుంది. ఆడేవాళ్ళ పేర్లు మాత్రం ఉండవు. అభిజ్ఞాన శాకుంతలంలో కాళిదాసు పేరు వినిపిస్తుంది కానీ దుష్యంతుడి వేషం ఎవరు కట్టారో చెప్పేవాడు లేడు. శ్రీహర్షుడి రత్నావళిలో సూత్రధారుడు తన తమ్ముడు యౌగంధరాయణుడి వేషంలో వచ్చేశాడని ఒక్క మాట అంటాడు. భవభూతి మాలతీమాధవంలో సూత్రధారుడే కామందకి అనే బౌద్ధ సన్యాసిని వేషం వేస్తాడు, ఆ సంగతి ముందుగానే చెబుతాడు. వేషం వెనక మనిషి కనబడే చోట్లు ఇలాంటివి కొద్దిగానే ఉన్నాయి. అక్కడ కూడా తమ్ముడి పేరు బయటికి రాదు.

పాత్ర రాకకు మాత్రం పెద్ద ఏర్పాటే ఉండేది. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన అయిదు రకాల ధ్రువాగానాల్లో ప్రావేశికి అనేది పాత్ర ప్రవేశానికే ప్రత్యేకించింది. ముందుగా సూచన చేయకుండా ఏ పాత్రనూ రంగం మీదికి తేకూడదన్న నియమాన్ని నాటకకర్తలు పాటించారు. యక్షగానంలో పాత్ర ప్రవేశానికి పాడే దరువుకు మూలాన్ని ఈ ప్రావేశికిలోనే చూడాలి. తంజావూరు నాయకరాజుల కాలపు యక్షగానాల్లో కటికవాడు అనే ద్వారపాలకుడు వచ్చి కొలువును హెచ్చరించేవాడు. వీధి భాగవతాల్లో అలాంటి పని హాస్యగాడికి దక్కింది. వచ్చిన రాజును పట్టుకుని ‘తమరెవరయ్యా’ అని ఎరగనట్టు అడుగుతాడు, రాజు తన వంశం, పరాక్రమం, బిరుదులు ఏకరువు పెడతాడు. ఎరగనివాడికి చెప్పే నెపంతో వెయ్యిమందికి చెప్పడం ఇందులోని చమత్కారం. మైకులు, వేదిక దీపాలు లేని రోజుల్లో ఇది అవసరం కూడా. దూరాన కూర్చున్నవాడికి కిరీటం తళుకు కనిపిస్తుంది కానీ అది ఎవరి కిరీటమో తెలియదు.

కూచిపూడి సంప్రదాయంలో ఈ ప్రవేశం ఒక కళగా ఎదిగింది. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. పాత్ర తెర వెనక ఉండగానే దరువు మొదలవుతుంది. కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేస్తుంది, ఆ వెలుగులో తెర తొలగుతుంది. సిద్ధేంద్రయోగి పేర చెప్పే భామాకలాపంలోనైతే సత్యభామ ముఖం కంటే ముందు ఆమె జడ కనిపిస్తుంది. తెర మీదుగా ఆ పొడుగాటి జడను బయటికి వేయడం విద్వాంసులకు సవాలని, తనను మించి ఆడేవాళ్ళుంటే జడ కోసి ఇస్తాననడమేనని సంప్రదాయజ్ఞుల మాట. ఆ తర్వాత ప్రవేశ దరువులో సత్యభామ తానెవరో తానే చెప్పుకుంటుంది. అక్కడితో అవదు. సూత్రధారుడు చెలికత్తె మాధవిగా మారి మగని పేరు అడుగుతాడు. ఇంటి ఇల్లాలు మగని పేరు నోట పలకదు కాబట్టి సత్యభామ అభినయంతో సూచిస్తుంది, మాధవి అర్థం కానట్టు నటిస్తుంది, మళ్ళీ అడుగుతుంది. ఒక్క పేరు చెప్పడానికి పట్టే ఈ సమయమంతా ప్రేక్షకులకు వినోదమే. పాత్ర పరిచయం కథకు ముందుమాటగా కాక కథలో ఒక ఘట్టంగా మారిన తీరుకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగులో లేదు.

మరి ఆ సత్యభామ వేషం కట్టింది ఎవరు? కూచిపూడి ఊళ్ళో ఆ ప్రశ్న పుట్టదు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లవారు తరతరాలుగా ఆడుతున్న ఊరు అది. కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రుడు నియమం పెట్టాడన్న ఐతిహ్యం ఉంది. తెర తొలగేసరికి ఎదుట ఉన్నది ఎవరింటి పిల్లవాడో అందరికీ తెలుసు కనుక పాత్రను పరిచయం చేస్తే చాలు. ఆ వేషధారుల పేర్లు బయటి ప్రపంచానికి తెలియడం ఇరవయ్యో శతాబ్దపు ముచ్చట. సత్యభామగా దేశమంతా పేరు పొందిన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది.

తమిళదేశంలో తంజావూరు దగ్గరి మెలట్టూరులో ఇదే సంప్రదాయం మరో రూపంలో బతికి ఉంది. అచ్యుతప్ప నాయకుడు అగ్రహారంగా ఇచ్చిన ఆ ఊళ్ళో మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు భాగవతమేళ నాటకాలను నరసింహ జయంతి ఉత్సవాల్లో ఆడతారు. ముందు కోణంగి అనే హాస్యగాడు వచ్చి గంతులేస్తాడు, తర్వాత గణపతి ముఖోటా పెట్టుకున్న పిల్లవాడు వస్తాడు, ఆ పైన ఒక్కొక్క పాత్రకూ ప్రవేశ దరువు. హిరణ్యకశిపుడూ మగవాడే, అతని భార్య లీలావతీ మగవాడే. ఆడేవాళ్ళలో చాలామంది వేరే ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుంటూ, ఏడాదికోసారి వైశాఖంలో ఇంటికొచ్చి వేషం కడతారు. ఇంట్లో తమిళం, నాటకంలో తెలుగు. నరసింహుడి ముఖోటాకు గుడిలో పూజ జరుగుతుంది, అది ధరించేవాడు ఉపవాసం ఉంటాడు. ఆ వేళ ఆ మనిషిని పేరుతో పరిచయం చేయడమంటే దేవుణ్ణి తగ్గించడమే అవుతుంది.

తెలంగాణలో చిందు భాగవతులది మిరాశీ పద్ధతి. ఏ కుటుంబం ఏ ఊళ్ళలో ఆడాలో, ఆ ఊళ్ళ నుంచి ఏం తీసుకోవాలో హక్కుగా స్థిరపడి ఉండేది. తాత కట్టిన వేషాన్ని మనుమడు కట్టడం చూసిన ఊరివాళ్ళకు వేషధారి కొత్తవాడు కాడు. ఇక్కడ ఆడవాళ్ళు కూడా వేషం కట్టేవారు. నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ పేరు ఈ కళకే మారుపేరైంది. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి గాను 2024లో పద్మశ్రీ ప్రకటించారు.

ఈ వీధి కళలన్నిటిలో పేరు పెట్టి చదివేది నటుణ్ణి కాదు, దాతను. ఆట మధ్యలో ఎవరైనా డబ్బో చీరో చదివిస్తే హాస్యగాడు కథ ఆపి, ఫలానావారి మనుమడు, ఫలానావారి కొడుకు ఇంత చదివించాడని పొగిడి, మళ్ళీ కథలోకి వెళ్ళేవాడు. ప్రహ్లాదుణ్ణి ఏనుగులతో తొక్కించే ఘట్టమైనా సరే ఆ చదివింపు కోసం ఆగాల్సిందే. కవుల పేర్లను పక్కన పెడితే, రంగం మీద వినిపించిన మొట్టమొదటి అసలు మనుషుల పేర్లు బహుశా ప్రేక్షకులవే.

1880లో ఈ లెక్క మారడం మొదలైంది. ధార్వాడ నాటక సమాజంవారు కోస్తా పట్టణాల్లో తిరుగుతూ నాటకాలు ఆడారు. ముందు భాగంలో తెర, పక్కన రెక్కలు, వెనక రంగుల పరదాలు గల వేదికను చాలామంది తెలుగువాళ్ళు చూడటం అదే తొలిసారి. ఆ ఏడాదే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో వ్యవహార ధర్మబోధినిని ప్రదర్శింపజేశారు. పైన చెప్పిన రత్నావళిని తెలుగు చేసినదీ ఆయనే. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ను ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. తరవాతి ఏళ్ళలో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ, విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వంటివి వెలిశాయి. కన్యాశుల్కాన్ని 1892లో మొదట ఆడింది విజయనగరం సభే.

సమాజాలలో చేరినవాళ్ళు వేషమే వృత్తిగా పుట్టినవాళ్ళు కారు. పంతుళ్ళు, వకీళ్ళు, విద్యార్థులు, గుమస్తాలు. టంగుటూరి ప్రకాశం చదువుకునే రోజుల్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడి బృందంలో ఆడవేషాలు కట్టిన సంగతి తన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో రాసుకున్నారు. బళ్ళారి రాఘవ వకీలు, ఏలూరు బందా కనకలింగేశ్వరరావు వకీలు, తెనాలి గోవిందరాజుల సుబ్బారావు వైద్యుడు. నాటకాలాడేవాళ్ళను చులకనగా చూసే కాలంలో వీళ్ళు రంగమెక్కారు. కనుక కరపత్రంలో పాత్రధారి పేరు పక్కన బి.ఏ., బి.ఎల్. అని వేయడం ఉత్త ఆడంబరం అనుకోకూడదు. ఆడేవాడు చదువుకున్నవాడు, పెద్దమనిషి, పొట్టకూటికి ఆడటం లేదు అని ఊరికి చెప్పే హామీ అది. పాత్రధారి పరిచయం తెలుగు నాటకంలోకి పరువు ముసుగులో వచ్చిందనడం తప్పు కాదు. అదే ముసుగు తరతరాలుగా వేషం కట్టి బతికిన భాగవతులను పక్కకు నెట్టింది కూడా.

ఆనాటి కరపత్రానికి ఒక వరస ఉండేది. పైన దేవుడి పేరు, కింద సమాజం పేరు, ఊరు, తేదీ, నాటకం పేరు, కవి పేరు. తర్వాత ఎడమవైపు పాత్రలు, కుడివైపు పాత్రధారులు. పురుష పాత్రలు ముందు, స్త్రీ పాత్రలు తర్వాత. అడుగున కుర్చీ, బెంచీ, నేల టిక్కెట్ల ధరలు, స్త్రీలకు ప్రత్యేక స్థలం ఉందన్న మాట. జట్కా బండి మీద బాజాలతో వీధులు తిరుగుతూ వీటిని వెదజల్లేవారు. అచ్చయిన నాటకాల మొదటి పుటలో కూడా పాత్రల పట్టిక వచ్చి చేరింది. పట్టిక వచ్చాక రాజు వేదిక మీద తన వంశాన్ని ఏకరువు పెట్టుకోవలసిన పని తగ్గింది. నటీ సూత్రధారుల ప్రస్తావన కొన్నాళ్ళు అలవాటుగా సాగి క్రమంగా రాలిపోయింది. దాని స్థానంలో ప్రార్థన నిలిచింది.

తెలుగు పద్యనాటకాల ప్రార్థన ఒక చిత్రమైన దృశ్యం. నాటకానికి ముందు పాత్రధారులంతా వేషాలతోనే వరసగా నిలబడి, చేతులు జోడించి పాడతారు. కృష్ణుడి పక్కన దుర్యోధనుడు, హరిశ్చంద్రుడి పక్కన నక్షత్రకుడు. కొట్లాడుకోబోయేవాళ్ళంతా ఒక్క శ్రుతిలో దేవుణ్ణి తలుచుకుంటారు. ఊరూరా వాడుకలో స్థిరపడిన ఆ ప్రార్థనను రాసింది ఖమ్మం ప్రాంతపు చందాల కేశవదాసు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదకు పాటలు రాసిన కవి కూడా ఆయనే. ప్రార్థనలో ఎవరి పేరూ చెప్పరు. అయినా ఆ రెండు మూడు నిమిషాల్లో జనం లెక్క చూసుకుంటారు: ఈ రాత్రి భీముడు ఎవరు, ద్రౌపది ఎవరు, నిరుడు వచ్చినవాడేనా, గొంతు ఎలా ఉంది. హార్మనీ వాయించేవాడికి ఎవరి శ్రుతి ఎంతో కుదుర్చుకునే అవకాశం కూడా అదే.

సురభివాళ్ళ పద్ధతి దీనికి భిన్నం. తోలుబొమ్మలాట ఆడే కుటుంబానికి చెందిన వనారస గోవిందరావు 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా కీచకవధ ఆడించారు. ఆ ఊరి పేరే వంశానికి ఇంటిపేరులా మారింది. ఒక ఊళ్ళో డేరా వేస్తే నెలల తరబడి ఉండేవారు, రోజుకో నాటకం ఆడేవారు. నిన్నటి కృష్ణుడు ఇవాళ బ్రహ్మంగారు, ఎల్లుండి ఘటోత్కచుడు. లోహితాస్యుడిగా రంగమెక్కిన పిల్లవాడు కళ్ళముందే హరిశ్చంద్రుడవుతాడు. స్త్రీ పాత్రలు ఆ ఇళ్ళ ఆడవాళ్ళే వేసేవారు కనుక ఆడవేషం ఎవరు కట్టారన్న కుతూహలం కూడా లేదు. నాలుగు ఆటలు చూసేసరికి డేరా మొత్తం బంధువుల ఇల్లులా పరిచయమైపోతుంది. ఏడాదికో రెండేళ్ళకో ఒక్క నాటకం ఆడే పట్నపు సమాజానికి ఆ వెసులుబాటు లేదు.

పట్నపు సమాజాలకు అసలు చిక్కు స్త్రీ పాత్రలతోనే వచ్చింది. కుటుంబ స్త్రీలు రంగమెక్కే వీలు లేక మగవాళ్ళే ఆ వేషాలు కట్టారు. వీరిలో స్థానం నరసింహారావుది మొదటి పేరు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర ఆడవలసిన రోజున చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ ఖాళీని పూరించడానికి ఎక్కినవాడు తర్వాత తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆంధ్రదేశమంతా తిరిగాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన నాటకాలకు పట్టిక చదివి వచ్చినవాళ్ళకు పాత్రధారి మగవాడని తెలుసు. తెలిసి కూడా చీరకట్టులో, నడకలో, ఓరచూపులో మగవాణ్ణి పట్టుకోలేకపోవడమే అక్కడి ఆనందం. పాత్రనూ పాత్రధారినీ ఒకేసారి చూసే అలవాటు తెలుగు ప్రేక్షకులకు ఇక్కడే బాగా ముదిరింది.

ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టినవాడు బళ్ళారి రాఘవ. ఆయన ప్రోత్సాహంతో కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు రంగమెక్కారు. దాసరి కోటిరత్నం సొంతంగా నాటక సమాజమే నడిపింది, మగవేషాలు కూడా కట్టింది. కానీ చిన్న ఊళ్ళ సమాజాలు ఈ మార్పును తొందరగా అందుకోలేదు. స్త్రీలు దొరకని చోట మగవాళ్ళే ఆడవేషాలు కట్టడం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది.

ఇక పాత్రధారి పేరు పాత్రను పూర్తిగా మింగేసిన కాలం కాంట్రాక్టు నాటకాలది. పద్యానికి గిరాకీ పెరిగింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, చిలకమర్తి గయోపాఖ్యానం, బలిజేపల్లి సత్యహరిశ్చంద్ర ప్రతి ఊళ్ళోనూ జనానికి కంఠతా వచ్చాయి. కథ అందరికీ తెలుసు, పద్యమూ తెలుసు. తెలియవలసింది ఎవరు పాడతారన్నదే. సమాజమంతటినీ పోషించడం కంటే పేరున్న నటులను తలా ఒక చోటి నుంచి పిలిపించి ఒక రాత్రికి కలపడం కాంట్రాక్టరుకు లాభం. మాధవపెద్ది వెంకట్రామయ్య అంటే దుర్యోధనుడు, అద్దంకి శ్రీరామమూర్తి అంటే ధర్మరాజు, పీసపాటి నరసింహమూర్తి అంటే కృష్ణుడు. కల్యాణం రఘురామయ్యకు ఈలపాట ఇంటిపేరై కూర్చుంది. ఇలాంటివాళ్ళకు కలిసి రిహార్సలు చేసే పని లేదు. సాయంత్రం రైలు దిగి రంగు వేసుకుని, తెర లేచాక ఒకరినొకరు చూసుకున్నా నాటకం నడిచిపోయేది.

ఒక్క నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులను పిలవడం ఈ పద్ధతికి పరాకాష్ఠ. కరపత్రంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేసేవారు. పడక సీను కృష్ణుడు వేరు, రాయబారం కృష్ణుడు వేరు. హరిశ్చంద్రలోనైతే వారణాసి వరకు ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు మరో హరిశ్చంద్రుడు. పొట్టి కృష్ణుడు లోపలికి వెళ్ళి పొడుగు కృష్ణుడు బయటికొస్తే నవ్వేవాడు లేడు. పాత్ర ఏకత్వం గురించి విమర్శకులు ఎంత మొత్తుకున్నా, జనం వచ్చింది కృష్ణుణ్ణి చూడటానికి కాదు, కృష్ణుడి పద్యాలను ఇద్దరు గాయకులు ఎలా పాడతారో పోల్చి వినడానికి. బాగున్న పద్యానికి ‘వన్స్ మోర్’ కేక పడితే, పాత్ర ఏ అవస్థలో ఉన్నా మళ్ళీ పాడవలసిందే. ఇలాంటి చోట కరపత్రం పాత్రల పట్టికగా ఉండటం మానేసి పాటకచేరీ ప్రకటనగా మారింది. పాత్ర పేరు చిన్న అక్షరాల్లో, నటుడి పేరు పెద్ద అక్షరాల్లో, పక్కన ఫొటో. రంగం మీద మైకు వచ్చాక ఈ పరిచయం గొంతుకెక్కింది. ప్రతి పెద్ద నటుడి ప్రవేశానికి ముందు అతని ఊరు, బిరుదులు చదివేవారు. వీధి భాగవతంలో హిరణ్యకశిపుడి బిరుదులు చదివిన చోట ఇప్పుడు నటుడి బిరుదులు వినిపించాయి.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది కమ్యూనిస్టు పార్టీ కళాసంస్థ ప్రజానాట్యమండలి. 1940లలో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మాభూమిని చాలా దళాలు ఏకకాలంలో ఊరూరా ఆడాయి, వ్యవహారం మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా వెళ్ళింది. అక్కడ నటుడి పేరుకు ప్రాధాన్యం లేదు. రైతు పాత్రను ఎవరు వేసినా రైతే. కుటుంబ స్త్రీలు పార్టీ కార్యకర్తలుగా రంగమెక్కారు. పేరు చెప్పకపోవడం ఇక్కడ సిద్ధాంతం, కొన్ని చోట్ల పోలీసుల వల్ల తప్పనిసరి జాగ్రత్త.

పరిషత్తుల కాలంలో పాత్రధారి పరిచయం ఇప్పటి రూపానికి వచ్చింది. వనారస గోవిందరావు చొరవతో 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడింది. తర్వాత పోటీలు దాని ప్రధాన కార్యక్రమమయ్యాయి. ఆ నమూనాలో చిన్న ఊళ్ళలో కూడా పరిషత్తులు లేచాయి. గుంటూరు ప్రాంతంలోని పల్లెకోన వంటి గ్రామంలో పరుచూరి రఘుబాబు పేరిట జరిగే పోటీలు ఇందుకు ఒక నిదర్శనం. ఆత్రేయ ఎన్.జి.వో. వంటి సాంఘిక నాటకాలు వచ్చాక ఆడేవాళ్ళూ పాత్రలూ ఒకే తరగతికి చెందినవారయ్యారు. పగలంతా ఆఫీసులో ఫైళ్ళు చూసిన గుమస్తా రాత్రి రంగం మీద గుమస్తాగా కనిపించాడు. కిరీటం, మీసం, గద లేని చోట ఎవరు ఎవరో వేషం చెప్పదు. కొత్త నాటిక కనుక కథ కూడా ముందుగా తెలియదు. తెర లేచే ముందే పాత్రలన్నీ ఏకరువు పెడితే మలుపులు తెలిసిపోయి ఆసక్తి పోతుంది. అందుకని ముందు మైకులో సమాజం పేరు, ఊరు, నాటిక పేరు, రచయిత, దర్శకుల పేర్లు మాత్రమే చెప్పి, నటుల పరిచయాన్ని చివరికి జరిపారు.

ఆ చివరి పరిచయానికి ఒక మర్యాద ఏర్పడింది. తెర పడి మళ్ళీ లేస్తుంది. దర్శకుడో సమాజం కార్యదర్శో మైకు అందుకుంటాడు. చిన్న పాత్రతో మొదలుపెట్టి ప్రధాన పాత్ర దాకా ఒక్కొక్కరినీ పిలుస్తాడు, వచ్చినవాళ్ళు నమస్కారం పెట్టి పక్కకు జరుగుతారు. ఉద్యోగం చెప్పడం వాడుక: ఫలానా పాఠశాలలో ఉపాధ్యాయుడు, ఫలానా బ్యాంకులో క్యాషియరు. దుష్టపాత్ర వేసినవాడు నవ్వుతూ వస్తే చప్పట్లు ఎక్కువ. ఊళ్ళో దొరక్క విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, విశాఖ వంటి చోట్ల నుంచి పారితోషికం ఇచ్చి పిలిపించుకున్న నటీమణిని ఆమె ఊరి పేరుతో సహా చెబుతారు. రోజూ సాయంత్రం రిహార్సలుకు వచ్చిన గుమస్తాలకు రూపాయి రాదు, ప్రదర్శనకు ఒకటి రెండు రోజుల ముందు వచ్చి పాఠం అందుకున్న నటికి డబ్బు అందుతుంది. ఆమెకు అది బతుకుతెరువు, వాళ్ళకు అది వ్యసనం. ఒకే వేదిక మీద ఒకే చప్పట్లు అందుకునే ఈ రెండు రకాల మనుషుల మధ్య తేడా పరిచయంలో వినిపించదు.

నటుల తర్వాత తెర వెనకవాళ్ళ వంతు. రంగాలంకరణ, ఆహార్యం, దీపాలు, సంగీతం చూసినవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వెలుగులోకి వస్తారు. పాత కరపత్రాల్లో కనిపించని ఈ పేర్లకు రంగం మీద చోటు ఇచ్చింది పరిషత్తులే. ఈ తంతు తొందరగానే ముగించాలి. ఒక్కో రాత్రి మూడు నాలుగు నాటికలు ఉంటాయి, తర్వాతి సమాజం సామాను పట్టుకుని పక్కన కాచుకుని ఉంటుంది, న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తూ ఉంటారు. ఆ మార్కుల వల్లే పరిచయానికి ఇంకో పని తగిలింది. ఉత్తమ నటుడు, నటి, ప్రతినాయకుడు, హాస్యనటుడు అని విడివిడిగా బహుమతులు ఇవ్వాలంటే ఎవరు ఏ పాత్ర వేశారో న్యాయనిర్ణేతలకు పొల్లుపోకుండా తెలియాలి. దరఖాస్తుతో పాటు పాత్రల పట్టిక పంపడం అందుకే నియమమైంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1998లో నంది నాటకోత్సవాలను మొదలుపెట్టినప్పుడు పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక వంటి విభాగాలు చేసింది. పద్యనాటకం ఆడే సమాజాలు ఇప్పటికీ ప్రార్థనతోనే మొదలుపెడతాయి, కనుక పాత్రధారులంతా ముందే కనిపిస్తారు. సాంఘిక నాటికలవాళ్ళు చివర్లో కనిపిస్తారు. బాలల నాటికల్లోనైతే పేరు చెప్పే పని పిల్లలదే: మైకు ఒకరి చేతిలోంచి ఒకరికి అందుతుంది, ఒక్కొక్కరూ పేరు, తరగతి, బడి, వేసిన పాత్ర చెప్పి పరుగెత్తుతారు.